మధ్యయుగ స్కాట్లండ్‌లో ఎర్ల్ పదవి దేని వెంట నడిచింది: నేల వెంటా, వంశం వెంటా, కూతురి వెంటా?

మునేటి ఒడ్డు
సభ్యులందరికీ నమస్కారం. పోయిన నెల నా పుట్టినరోజుకు ఒక మిత్రుడు ఇంటర్నెట్‌లో కొని ఒక పత్రం పంపించాడు. స్కాట్లండ్ కొండల్లో ఎక్కడో ఒక చదరపు అడుగు నేల నా పేరన ఉందనీ, కాబట్టి ఇకపై నన్ను నేను 'లార్డ్' అని చెప్పుకోవచ్చుననీ దాని మీద బంగారు అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఇంట్లో అందరూ నవ్వారు. మా అమ్మ మాత్రం "ఆ అడుగు నేలకు శిస్తు ఎవరు కడతారు?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నేలకూ బిరుదుకూ అసలు సంబంధం ఏమిటని చదవడం మొదలుపెడితే చిక్కుముడి పెరిగిందే గాని విడలేదు. ఎర్ల్ అంటే అక్కడ ఒక మండలపు దొర; ఫైఫ్, బకన్, కారిక్ అనేవి మండలాల పేర్లు. ఫైఫ్ ఎర్ల్ అంటే మొదట మెక్‌డఫ్ వంశం, తరువాత స్టూవర్టులు. బకన్ ఎర్ల్ అంటే మొదట గేలిక్ భాష మాట్లాడే స్థానికులు, తరువాత కామిన్లు. కారిక్ ఎర్ల్ అంటే ఒకప్పుడు గాలోవే దొరలు, తరువాత బ్రూసులు. పదవి పేరు మారదు, మనుషుల ఇంటిపేర్లే మారిపోతాయి. ఈ మార్పు ఏ సూత్రం మీద జరిగిందో తెలిసినవారు వివరించగలరా?

తాళపత్రం
మునేటి ఒడ్డు గారూ, ముందు 'బిరుదు' అనే మాటను కాసేపు పక్కన పెట్టండి. మనకు బిరుదు అంటే పేరుకు ముందో వెనుకో తగిలించుకునేది. 10వ శతాబ్దంలో ఫోర్త్ నదికి ఉత్తరాన ఉన్న అల్బా (నాటి స్కాట్లండ్) రాజ్యంలో అది ఒక ఉద్యోగం. ఒక్కొక్క మండలానికి ఒక మోర్మేర్ ఉండేవాడు. 'మేర్' అంటే అధికారి అనే విషయంలో పేచీ లేదు. 'మోర్' అంటే పెద్ద అని ఎక్కువమంది అంటారు, సముద్రం అని చెప్పే పండితులూ ఉన్నారు. మండలంలోని సైన్యాన్ని నడపడం, రావలసిన కప్పం రాబట్టడం, తగవులు తీర్చడం అతని పని. 918లో జరిగిన కార్‌బ్రిడ్జ్ యుద్ధంలో అల్బా పక్షాన రాజు గాని, మోర్మేర్లలో ఒక్కడు గాని చనిపోలేదని ఐర్లండులో రాసిన అల్‌స్టర్ వార్షికాలు చెబుతాయి. రాజు తరువాత లెక్కించదగిన మనుషులు వీరేనని ఆ ఒక్క వాక్యం వల్లనే తెలుస్తున్నది.

నేల సంగతి చూడాలంటే 'బుక్ ఆఫ్ డీర్' అనే చిన్న సువార్త ప్రతిని చూడాలి. ఇది ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. బకన్ మండలంలోని డీర్ మఠంలో 12వ శతాబ్దపు సన్యాసులు దాని ఖాళీ జాగాల్లో తమకు వచ్చిన భూదానాలను గేలిక్ భాషలో రాసిపెట్టుకున్నారు. ఒకే నేల మీద రాజు వాటా వేరు, మోర్మేర్ వాటా వేరు, అతని కింద ఉండే కులపెద్ద వాటా వేరు. ఒక్కొక్కరు తమ తమ వాటాను విడిగా మఠానికి వదులుకున్నారు. అంటే మోర్మేర్ ఆ నేలకు యజమాని కాడు, ఆ నేల మీద ఒక వాటాకు హక్కుదారు. ఇదే మనిషిని లాటిన్ రాసే గుమాస్తాలు 'కోమెస్' అన్నారు, ఇంగ్లీషు మాట్లాడేవారు 'ఎర్ల్' అన్నారు. కొత్త పదవి ఏదీ పుట్టలేదు, పాత పదవికి కొత్త పేరు వచ్చిందంతే.

కోనసీమ కొబ్బరి
తాళపత్రం గారూ, చాలా బాగా చెప్పారు. రెండు సందేహాలు. షేక్‌స్పియర్ నాటకంలో మాక్‌బెత్ మొదట గ్లామిస్ థేన్, తరువాత కాడర్ థేన్ అవుతాడు కదా, ఆ థేన్ ఎవరు? ఎర్ల్ అనే మాటకు తెలుగులో 'మహామండలేశ్వరుడు' అని వాడితే తప్పా? కాకతీయులు చాళుక్యుల కింద ఉన్నప్పుడు ఆ హోదాలోనే ఉన్నారు గదా.

తాళపత్రం
చరిత్రలోని మాక్‌బెత్ ఏనాడూ థేన్ కాడు. ఆయన మోరే మండలపు మోర్మేర్. 1040లో డంకన్ రాజును ఎల్గిన్ దగ్గర చంపి, 1057 దాకా పదిహేడేళ్లు రాజ్యం చేశాడు. థేన్ అంటే రాజుగారి సొంత భూముల మీద ఉండే అధికారి, శిస్తు వసూలు చేసి ఒప్పజెప్పేవాడు. మన పాత గ్రామాల కరణాన్నీ మునసబునూ ఒకే మనిషిలో కలిపితే దాదాపు థేన్ వస్తాడు. నాటకంలో అది పెద్ద పదోన్నతిగా వినిపిస్తుంది గాని, మోర్మేర్‌ను థేన్ చేయడమంటే కలెక్టరును తాసిల్దారును చేయడమే. ఇక ఈనాడు చూపించే కాడర్ కోట మాక్‌బెత్ చచ్చిపోయిన మూడు నాలుగు శతాబ్దాల తరువాత కట్టినది.

మహామండలేశ్వరుడు అనే మాట నాకు ఇష్టమే, అయినా వాడను. కాకతీయులు తమ మండలాన్నే స్వతంత్ర రాజ్యంగా చేసుకున్నారు. స్కాట్లండ్ ఎర్ల్ ఎంత బలపడినా మండలాన్ని విడగొట్టుకోలేదు, బ్రూస్ లాగా మొత్తం రాజ్యానికే రాజైపోయాడు. ఎర్ల్‌ను ఎర్ల్ అనే ఉంచుదాం.

పాత పటాలు
ముప్పై ఏళ్లు రెవెన్యూ కచేరీలో పట్టాదారు పాసుపుస్తకాల మధ్య బతికినవాణ్ణి కనుక నాకు ఈ వ్యవహారం మన ఊళ్ల భాషలోనే అర్థమవుతుంది. మునేటి ఒడ్డు గారు అడిగిన ఇంటిపేర్ల మార్పుకు మూలం ఒక్క మాటలో చెప్పాలంటే ఇల్లరికం. ఎర్ల్‌కు కొడుకు లేకపోతే కూతురికి పదవి వస్తుంది, కూతుర్ని చేసుకున్నవాడు వచ్చి ఎర్ల్ అని కూర్చుంటాడు, వాళ్ల పిల్లలకు తండ్రి ఇంటిపేరు వస్తుంది. బకన్‌లో జరిగింది అదే. చివరి గేలిక్ ఎర్ల్ ఫెర్గస్ కూతురు మార్జరీని 1212 ప్రాంతంలో విలియం కామిన్ పెళ్లాడాడు. ఇంగ్లండు వైపు నుంచి వచ్చిన నార్మన్ వంశాల్లో స్కాట్లండ్ ఎర్ల్ పదవిని అందుకున్న మొదటివాడు అతనే. డీర్‌లో 1219లో కొత్త మఠం కట్టించిందీ అతనే. కొత్తగా వచ్చిన అల్లుడు ఊళ్లో గుడి కట్టించడం అక్కడా ఉంది.

కారిక్ కథ ఇంకా తమాషా. అక్కడి ఎర్ల్ నీల్ 1256లో చనిపోతే కూతురు మార్జరీ వారసురాలైంది. మొదటి భర్త క్రూసేడుకు వెళ్లి 1271లో పాలస్తీనాలోని ఏకర్ పట్టణంలో చనిపోయాడు. తరువాత ఒకనాడు ఆమె పరివారంతో వేటలో ఉండగా అటుగా వెళ్తున్న ఆనన్‌డేల్ యువకుడు రాబర్ట్ బ్రూస్ కనిపించాడనీ, ఆమె అతని గుర్రపు కళ్లెం పట్టుకుని టర్న్‌బెర్రీ కోటకు తీసుకుపోయిందనీ, పదిహేను రోజులు ఉంచుకుని పెళ్లాడిందనీ 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఫోర్డన్ రాసిన చరిత్రలో ఉంది. రాజు అనుమతి లేని పెళ్లి కాబట్టి అలెగ్జాండర్ 3 రాజు కోటను జప్తు చేసి, జరిమానా పుచ్చుకుని వదిలాడట. కళ్లెం సంగతి కట్టుకథ కావచ్చు, వారసురాలి పెళ్లికి రాజు ఒప్పుదల కావాలనేది మాత్రం కట్టుకథ కాదు. వాళ్ల కొడుకే 1274లో పుట్టిన రాబర్ట్ బ్రూస్. తండ్రి తాతల నుంచి అతనికి ఆనన్‌డేల్ జాగీరు వచ్చింది, ఎర్ల్ అనే హోదా మాత్రం తల్లి నుంచే వచ్చింది.

ఇక్కడ అందరూ దాటిపోయే ఒక కాగితం ఉంది. తనకు కొడుకు లేడని తెలిసిన నీల్, చనిపోయే ముందు 'కెన్‌కినాల్' అనే హక్కును, అంటే కులపెద్ద హోదాను, కారిక్ మగవాళ్లను యుద్ధానికి నడిపించే అధికారంతో సహా విడదీసి దాయాదుల్లో ఒకడైన రోలండ్ పేర రాసేశాడు. పదవి కూతురికి, పెద్దరికం మగ దాయాదికి. ఒకే ఆస్తిని రెండు ఖాతాలుగా చీల్చినట్టు. ఆ రెండో ఖాతా తరువాత కెన్నెడీలకు చేరింది, 1372లో రాబర్ట్ 2 రాజు దానిని ఖాయపరిచాడు.

నల్లకలువ
పాత పటాలు గారూ, ఇల్లరికం సిద్ధాంతం బాగుంది గాని ఫైఫ్ దగ్గర ఆగిపోతుంది. ఫైఫ్ ఎర్ల్‌కు ఒక ప్రత్యేక హక్కు ఉండేది: కొత్త రాజును స్కోన్‌లో రాతి పీఠం మీద కూర్చోబెట్టవలసినది అతడే. ఈ హక్కు నేలకు అంటుకున్నది కాదు, మెక్‌డఫ్ రక్తానికి అంటుకున్నది. దానికి సాక్ష్యం 1306.

ఆ ఏడు ఫిబ్రవరి 10న డంఫ్రీస్‌లోని ఫ్రాన్సిస్కన్ చర్చిలో బ్రూస్ తన ప్రత్యర్థి జాన్ కామిన్‌ను పొడిచాడు, మార్చి 25న స్కోన్‌లో కిరీటం పెట్టుకున్నాడు. అయితే ఫైఫ్ ఎర్ల్ అప్పటికి పదహారేళ్ల కుర్రవాడు, ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ 1 చేతిలో ఉన్నాడు. అప్పుడు ఆ వంశపు ఆడపడుచు ఇసబెల్లా గుర్రమెక్కి వచ్చింది. ఆమె భర్త బకన్ ఎర్ల్, చచ్చిన కామిన్‌కు దగ్గర చుట్టం, బ్రూస్‌కు బద్ధ శత్రువు. అయినా ఆమె వచ్చింది. కిరీటం పెట్టడం అప్పటికే అయిపోయినా, రెండు రోజుల తరువాత ఆమె చేతుల మీదుగా ఆ తతంగం మళ్లీ జరిపారు. ఆమె ఫైఫ్ కౌంటెస్ (ఎర్ల్ హోదా ఉన్న స్త్రీ) కాదు, ఫైఫ్‌లో సెంటు నేల ఆమె పేరన లేదు. ఆమె దగ్గర ఉన్నది పుట్టింటి రక్తం ఒక్కటే, అదే సరిపోయింది.

దానికి ఆమె చెల్లించిన మూల్యం కూడా చెప్పాలి. ఆ ఏడే పట్టుబడితే, బెరిక్ కోట బురుజులో చెక్కతోనూ ఇనుముతోనూ పంజరం చేయించి అందులో ఉంచమని ఎడ్వర్డ్ ఉత్తరువు ఇచ్చాడు. పంజరంలోనే మరుగుదొడ్డి ఏర్పాటు ఉండాలనీ, సేవకు ఇంగ్లీషు ఆడవాళ్లను మాత్రమే పెట్టాలనీ, స్కాట్లండ్ వాళ్లెవరూ ఆమెతో మాట్లాడకూడదనీ అందులో రాశారు. 1310లో కార్మలైట్ సన్యాసుల మఠానికి మార్చేదాకా ఆమె ఆ పంజరంలోనే ఉంది. రక్తానికి విలువ లేకపోతే ఒక ఆడమనిషిని నాలుగేళ్లు అలా దాచవలసిన అవసరం ఎడ్వర్డ్‌కు ఎందుకు వచ్చింది?

పాత పటాలు
నల్లకలువ గారూ, మీ మాట కాదనను. అయితే ఆ రక్తం 1353లో ఏమైందో కూడా చూడండి. ఆ కుర్ర ఎర్ల్ డంకనే పెద్దవాడై కొడుకు లేకుండా పోయాడు. కూతురు, పేరు మళ్లీ ఇసబెల్లాయే, ఒకరి తరువాత ఒకరిని పెళ్లాడింది గాని పిల్లలు మిగలలేదు. చివరికి 1371లో మరిదికి, అంటే చనిపోయిన ఒక భర్త తమ్ముడైన రాబర్ట్ స్టూవర్టుకు, ఎర్ల్ పదవిని రాసి ఇచ్చింది. ఈ రాబర్టే అంతకు పదేళ్ల ముందు మెంటీత్ కౌంటెస్ మార్గరెట్‌ను చేసుకుని మెంటీత్ ఎర్ల్ అయ్యాడు. ఒక పదవి పెళ్లితో, ఇంకొకటి కాగితంతో. అతని ఒంట్లో మెక్‌డఫ్ రక్తం ఉందా అని స్కోన్‌లో ఎవరూ అడగలేదు.

తాళపత్రం
మీ ఇద్దరి వాదానికీ మధ్య మూడో వస్తువు ఒకటి ఉంది. దాన్ని అక్కడ 'టెయిల్‌జీ' అంటారు. ఆస్తీ పదవీ ఎవరి తరువాత ఎవరికి పోవాలో ముందే వరుస కట్టి రాజముద్ర వేయించుకునే పత్రం. దీనితో కూతుళ్లను పక్కన పెట్టవచ్చు. డగ్లస్ వంశం దీనికి మంచి ఉదాహరణ. 1358లో మొదటి డగ్లస్ ఎర్ల్ అయిన విలియం, మార్ మండలపు వారసురాలిని చేసుకుని రెండు ఎర్ల్ పదవులూ కొడుకు జేమ్స్‌కు దక్కేలా చేశాడు. జేమ్స్ 1388లో ఆటర్‌బర్న్ యుద్ధంలో, పెళ్లిలో పుట్టిన సంతానం లేకుండా చనిపోయాడు. చెల్లెలు ఇసబెల్లా ఉంది. (అవును, మరో ఇసబెల్లా, ఈ చర్చలో ఇక లెక్కపెట్టకండి.) మార్ తల్లి తరఫు ఆస్తి కనుక దానికి వారసురాలు ఆమే. డగ్లస్ మాత్రం పాత టెయిల్‌జీ ప్రకారం ఆర్చిబాల్డ్ ద గ్రిమ్‌కు పోయింది. అతడు చనిపోయిన బ్రూస్ రాజు గుండెను మోసుకెళ్లి 1330లో స్పెయిన్‌లో చనిపోయిన జేమ్స్ డగ్లస్‌కు పెళ్లి లేకుండా పుట్టిన కొడుకు. సొంత చెల్లెలు ఉండగా పెళ్లి బయట పుట్టిన దాయాదికి ఎర్ల్ పదవి దక్కింది. కాగితం రక్తాన్ని ఓడించింది.

ఇక మార్‌కు వద్దాం. ఇసబెల్లా భర్త 1402లో బందీగా ఉండగా చనిపోయాడు. 1404లో కిల్‌డ్రమ్మీ కోట అలెగ్జాండర్ స్టూవర్ట్ చేతిలో పడింది. ఎల్గిన్ కెథీడ్రల్‌ను 1390లో తగలబెట్టిన 'బేడినాక్ తోడేలు' ఉన్నాడే, ఆయన పెళ్లి బయట పుట్టిన కొడుకు ఇతను. ఆగస్టులో ఇసబెల్లా చేత ఒక పట్టా రాయించుకున్నాడు: తమకు పిల్లలు లేకపోతే మార్ అంతా తన వారసులకే. రాజు దానిని ఒప్పుకోలేదు. కోట బలవంతంగా పట్టి రాయించుకున్న కాగితమని అందరికీ తెలుసు. దానితో కోట వాకిట్లో ఒక ఘట్టం నడిపించారు. బిషప్పు, పెద్దమనుషులు, చుట్టుపక్కల రైతులు చూస్తుండగా అలెగ్జాండర్ కోటనూ, అందులోని వెండి సామానునూ, దస్తావేజులనూ ఇసబెల్లాకు తిరిగి అప్పగించి, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఆ తాళాలు చేత పట్టుకునే, తన ఇష్టపూర్తిగా ఇతణ్ణి భర్తగా ఎంచుకుంటున్నానని చెప్పింది. డిసెంబరులో కొత్త పట్టా రాశారు, పిల్లలు లేకపోతే ఆమె వారసులకే అన్నారు. తాళాలు ఆమె చేతిలో ఎంతసేపు ఉన్నాయోనని నాకు ఎప్పుడూ అనుమానమే.

కోనసీమ కొబ్బరి
ఇంతమంది స్టూవర్టులు వస్తున్నారు గదా, వాళ్లది మొదటి నుంచీ ఏ మండలపు ఎర్ల్ వంశం?

నల్లకలువ
ఏ మండలపు వంశమూ కాదు, అదే విశేషం. బ్రిటనీలోని డోల్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబంలోని వాల్టర్ ఫిట్జ్ అలన్‌ను 12వ శతాబ్దంలో డేవిడ్ 1 రాజు తన ఇంటి వ్యవహారాలు చూసే స్టూవర్డ్‌గా పెట్టుకున్నాడు. ఉద్యోగం వంశపారంపర్యమై ఇంటిపేరయింది. కరణంగారి పిల్లలకు కరణం ఇంటిపేరైనట్టే. 1320 ఏప్రిల్ 6న పోపుకు పంపిన అర్‌బ్రోత్ ప్రకటనలో పేర్ల వరుస చూస్తే హోదా తెలిసిపోతుంది. ముందు ఎనిమిది మంది ఎర్ల్‌లు, వారిలో మొట్టమొదట ఫైఫ్ డంకన్. ఆ తరువాతే స్టూవర్డ్ వాల్టర్, డగ్లస్ జేమ్స్, కానిస్టేబుల్ (అక్కడ రాజ్యపు పెద్ద సైన్యాధికారి) హే, మారిషల్ కీత్ వంటివారు వస్తారు. అలా ఎర్ల్‌ల వెనుక నిలబడిన ఆ వాల్టర్ 1315లోనే బ్రూస్ కూతురు మార్జరీని చేసుకున్నాడు. వాళ్ల కొడుకు 1371లో రాబర్ట్ 2 పేరుతో రాజయ్యాడు. పాత పటాలు గారికి మరో ఇల్లరికం.

గ్లాస్గో గోదావరి
ఇప్పటిదాకా చెప్పినవన్నీ రాజు ఇచ్చినవో, రాజు ఒప్పుకున్నవో. రాజు ఇవ్వకుండా తామే పెట్టుకున్న పదవి కూడా ఉంది: 'లార్డ్ ఆఫ్ ద ఐల్స్', అంటే దీవుల దొర. 1164లో రెన్‌ఫ్రూలో చనిపోయిన సోమర్లెడ్ సంతతి అయిన మెక్‌డొనాల్డులది. ఆ దీవులు 1266 దాకా నార్వే రాజు కింద ఉండేవి. 1336లో జాన్ అనే ఆయన తన ఉత్తరంలో 'దీవుల దొరను' అని లాటిన్‌లో రాసుకున్నాడు, అంతే. ఐలే ద్వీపంలో వాళ్ల ముఖ్యస్థానం ఫిన్‌లాగన్‌కు రెండేళ్ల క్రితం వెళ్లాను. పెద్ద కోట ఉంటుందనుకున్నాను. రెల్లు గడ్డి మధ్యలో ఒక చిన్న చెరువు, దాని మీద చెక్కల బాట, ఆ బాట చివర ఒక దీవి, దాని వెనుక ఇంకా చిన్న దీవి. పెద్ద దీవిలో పడిపోయిన ప్రార్థన మందిరం, చెక్కిన సమాధి పలకలు. చిన్నదాని పేరు సభాద్వీపం. కొత్త దొరను తెల్లబట్టలు కట్టించి, పాదముద్ర చెక్కిన రాయి మీద నిలబెట్టి, తండ్రుల అడుగుల్లో నడుస్తానని ప్రమాణం చేయించేవారని 17వ శతాబ్దపు వంశచరిత్ర చెబుతుంది. స్కోన్‌లో కూర్చోబెడితే ఇక్కడ నిలబెట్టారు. 1493లో జేమ్స్ 4 ఆ పదవిని జప్తు చేశాడు. రాజు ఇవ్వనిదాన్ని రాజు ఎలా జప్తు చేశాడో మాత్రం అక్కడి సమాచార ఫలకం చెప్పలేదు.

డ్యూక్ అనే మాట చాలా ఆలస్యంగా, 1398లో వచ్చింది. ఆ ఏడు రాజకుమారుడు డేవిడ్ రోథ్‌సే డ్యూక్ అయ్యాడు, పాత పటాలు గారు చెప్పిన ఆ రాబర్ట్ స్టూవర్ట్ ఆల్బనీ డ్యూక్ అయ్యాడు. నాలుగేళ్లకు మొదటివాడు రెండోవాడి బందీగా ఫాక్‌లండ్‌లో చనిపోయాడు. రోథ్‌సే డ్యూక్, కారిక్ ఎర్ల్, దీవుల దొర, స్కాట్లండ్ స్టూవర్డ్, ఈ నాలుగూ ఇప్పుడు బ్రిటన్ యువరాజు ఒక్కడి పేరునే ఉన్నాయి.

మునేటి ఒడ్డు
ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నా చదరపు అడుగు సంగతి కూడా ఎవరైనా చెబితే మా అమ్మకు జవాబు ఇవ్వగలను.

గ్లాస్గో గోదావరి
శిస్తు భయం అక్కరలేదు. అటువంటి జ్ఞాపికల కోసం అమ్మే ముక్కలను స్కాట్లండ్ భూమి రిజిస్టరులో నమోదు చేయరు, నమోదు కానిదే అక్కడ నేల మీద యాజమాన్యం రాదు. ఇక 'బారన్' అనేది నిజంగానే భూమికి అంటుకున్న హోదాగా ఉండేది. 2004 నవంబరు 28న పాత భూస్వామ్య పద్ధతి రద్దయినప్పుడు ఆ హోదాను కూడా నేల నుంచి విడదీశారు.

కోనసీమ కొబ్బరి
మా వైపు సంగతి ఒకటి. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనప్పుడు మదరాసు గవర్నరుగా ఉన్నది ట్వీడేల్ మార్క్విస్, ఇంటిపేరు హే. నల్లకలువ గారు చెప్పిన కానిస్టేబుల్ హేల శాఖల్లో ఒకటే. కాటన్ దొర పేరు మా ఊళ్లో ప్రతి పిల్లవాడికీ తెలుసు, ఈ దొర పేరు ఇవాళే విన్నాను.

తాళపత్రం
మార్ కథకు కొస ఒకటి మిగిలింది. ఇసబెల్లా 1408లో పిల్లలు లేకుండా పోయింది. డిసెంబరు పట్టా ప్రకారం ఆమె వారసులైన ఎర్స్‌కిన్లకు రావలసిన మార్‌ను, అలెగ్జాండర్ 1426లో రాజుకు అప్పగించి, తనకూ తన కొడుకుకూ తిరిగి రాయించుకున్నాడు, తరువాత రాజుకే అని ఒప్పుకున్నాడు. 1435లో అతడు పోగానే జేమ్స్ 1 తీసేసుకున్నాడు. ఎర్స్‌కిన్లకు అది 1565లో, మేరీ రాణి కాలంలో గాని తిరిగి దక్కలేదు. అయితే ఆ 1565 నాటిది పాత పదవిని తిరిగి ఇవ్వడమా, మగ సంతతికి మాత్రమే పోయే కొత్త పదవిని పుట్టించడమా? 1866లో ఒక మార్ ఎర్ల్ పిల్లలు లేకుండా చనిపోయినప్పుడు చెల్లెలి కొడుకు ఒకవైపు, మగ దాయాది ఇంకొకవైపు నిలబడి ఈ ప్రశ్న మీదనే లండన్ ప్రభువుల సభకు ఎక్కారు. 1875లో సభ దాయాది పక్షాన తీర్పు చెప్పింది. గోల ఆగక 1885లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి చెల్లెలి కొడుక్కి పాత పదవిని ఇచ్చింది, దాయాది దగ్గర కొత్తది అలాగే ఉంచింది. అప్పటి నుంచి మార్‌కు ఇద్దరు ఎర్ల్‌లు. పాత పదవి తరఫున ప్రభువుల సభలో 2020 దాకా కూర్చున్నది ఒక మహిళే.

పాత పటాలు
ఒకే సర్వే నంబరుకు రెండు పట్టాలు. మా కచేరీలో అయితే సస్పెండు చేసేవారు.